సూదికి అందని లంగరు

నా ఉద్యోగం ఊడిపోవడానికి అంగుళం దూరంలో ఆగిన రోజు గురించి చెబుతాను. మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజు నా చొక్కా పిండితే బిందె నిండేదని మాత్రం మరిచిపోకండి.

పంతొమ్మిది వందల అరవైల తొలినాళ్లలో మైపాడు దగ్గర, పాత పడవ సామాను దాచే ఓ చిన్న ప్రదర్శనశాలకు నేను తాత్కాలిక అధికారిని. నాకంటే ముందునుంచీ అక్కడున్న నౌకరు దేవసహాయం ఏ వస్తువు ఎక్కడుందో నోటితోనే చెప్పేసేవాడు. రుజువు లేని మాట దేవుడు చెప్పినా ఒప్పుకోని వయసు నాది. అందుకని కార్డుల పద్ధతి పెట్టాను. వస్తువుకో కార్డు, కార్డు అంచునిండా ఒక్కో రకానికి ఒక్కో రంధ్రం. లంగరైతే ‘లంగరు’ రంధ్రాన్ని అంచుదాకా కత్తిరించాలి. కార్డుల కట్టలో ఆ రంధ్రంగుండా పొడవాటి సూది గుచ్చి ఎత్తితే, అంచు తెగిన ఆ కార్డే రాలుతుంది.

ఈ పద్ధతిలో ఎవరి చిక్కులు వాళ్లు చెప్పుకోవడానికి ఇదే పద్ధతి పెట్టుకున్న నాలుగు జిల్లాల ప్రదర్శనశాలల వాళ్లు మా దగ్గర చేరారు. నన్ను ఖాయం చేయాల్సిన పెద్ద అధికారి ముందు వరుసలో కూర్చున్నారు.

“నెమలి అడిగితే మాకు ఫిరంగి రాలిందండీ,” అన్నాడొకాయన.

“మీకు రాలింది. మావి చెదలు తినేశాయి,” అన్నాడింకొకాయన.

నా వంతు వచ్చింది. పొట్టివాణ్ణి కదా, బల్ల వెనక తల కనపడదని గోడవార ఉన్న రాతిపలకను లాక్కుని ఎక్కాను.

“పద్ధతిలో లోపమే లేదు. లోపమంతా మనిషిది,” అన్నాను.

“అయితే మీ కృష్ణపట్నం రాతి లంగరు చూపించండి,” అన్నారు అధికారి.

సూది గుచ్చి ఎత్తాను. ఏదీ రాలలేదు. ఊపాను. జామకొమ్మను దులిపినట్టు దులిపాను. ఒక్క కార్డూ కదల్లేదు.

“కార్డులు ఉప్పుగాలికి అతుక్కున్నట్టుండాయి సార్,” అన్నాడు దేవసహాయం మెల్లగా.

“నువ్వుండన్నా. కార్డు రాలలేదంటే లంగరు లేనట్టే.”

“లేకేం సార్, ఉండాది.”

“రుజువేది?”

“చూస్తానే ఉండా గదా.”

“ఎక్కడయ్యా అది?” అన్నారు అధికారి.

“సారు కిందికి దిగితే చూపిస్తానయ్యా.”

దిగాను. నేనెక్కిన పలక మధ్యలో లంగరు మోకు కట్టే బెజ్జం. అంచున ఎర్ర రంగుతో నంబరు, నా చేతిరాతే.

అధికారి కళ్లజోడు తుడుచుకున్నారు.

“మీరన్నది నిజమేనయ్యా. లోపం మనిషిదే.”

ఖాయం ఉత్తర్వు వచ్చింది, ఒక్క షరతుతో: ప్రతి కార్డు మీదా దేవసహాయం సంతకం ఉండాలి.

హేతువాదం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. రుజువు లేనిది ఈనాటికీ నమ్మను. కానీ ఏ వస్తువునైనా లేదనే ముందు, వంగి నా కాళ్ల కింద చూసుకుంటాను.