మూడో రోజు మూత

నేను సీసాను ఇంట్లో మరిచిపోతే అందులో నీలి స్ఫటికాలు వాటంతట అవే పెరిగాయని మా కాలేజీలో చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. నేను మరిచిపోయే మనిషిని కాను. కావాలంటే నాతో తగాదా పడ్డవాళ్లని అడగండి.

ల్యాబులో జనరేటర్ అదురుకు స్ఫటికం నిలవడం లేదని, నేనే సీసాను మా ఊరు అల్లూరు తెచ్చి మా అత్త ఊరగాయల గదిలో పై అరలో పెట్టాను. ఆ గదిలోకి ఆమె తప్ప ఎవరూ పోరు.

“నా మామిడికాయ పక్కన నీ మందునీళ్లేందిమే?” అంది.

“తినేది కాదత్తా. కదిలించొద్దు, అంతే.”

ఆ నీళ్లలో రాగి అయాన్లు మూలలు, నేను తయారుచేసిన కర్బన అణువులు పుల్లలు. మేస్త్రీ లేకుండానే ఒకదాన్నొకటి వెతుక్కొని పంజరంలా కట్టుకుంటాయి. తప్పుగా ముడిపడితే విడిపోయి మళ్లీ సరిగ్గా ముడిపడతాయి. తప్పు దిద్దుకొనే ఆ గుణం మా ఇంట్లో ఎవరికీ లేదు, నాతో సహా.

ఇరవై రోజులు అటు తొంగిచూడలేదు. నేను అంత ఓపిక పట్టింది అదొక్కసారే. తీరా చూస్తే, జాడీలకు కట్టినట్టే నా సీసా మూత మీద తెల్లగుడ్డతో వాసెన కట్టి ఉంది! లోపల ఆవగింజలంత నీలి స్ఫటికాలు.

ఎక్స్‌రేలో పంజరం తేలింది. గైడ్ సార్ మాత్రం, “ఒక్కసారి వస్తే చాలదమ్మా, మళ్లీ రావాలి. అప్పుడే థీసిస్‌లో రాయండి” అన్నారు. ల్యాబులో చేశాను. అదే అరలో పెట్టి చేశాను. ఐదుసార్లు చేస్తే ఐదుసార్లూ వచ్చింది నీలి పొడే.

ఊరగాయ పెట్టిన మూడో రోజు మూత తీసి కలపడం మా అత్త పద్ధతి. నా సీసాకూ అదే చేసిందేమోనని నా అనుమానం. నేను మూతకు సూదితో ఒక్క బెజ్జమే పెట్టాను, నీళ్లు మెల్లగా ఆరాలని. మూత తీసినా, గరిటె తగిలినా లెక్కంతా మారిపోతుంది.

“మూడో రోజు మూత తీసినావా అత్తా?”

“బల్లులు పడకుండా గుడ్డ కట్టినా. మూత జోలి నాకెందుకు?”

“కలిపినావా?”

“పీహెచ్‌డీ నీదా, నాదా? ఈసారి ముట్టుకోలేదు గదా, పో!”

ఈసారి! నా థీసిస్ పద్ధతి రాయాల్సిన ఒక్క పేజీ దగ్గరే ఆగి ఉంది. నేను పోట్లాడను, ఒట్టు. పద్ధతి రాసుకుంటాను, అంతే. అత్తా, ఆసారి మూత తీసినావా, లేదా? తీసుంటే, గరిటె పెట్టినావా?