రిజిస్ట్రీ శుభ్రం చేశాక

కువైట్‌లో పదకొండేళ్లు ఇళ్లలో పనిచేసి తిరిగొచ్చేసరికి నా మోకాళ్లు అరిగిపోయాయి. కూర్చుని చేసుకునే పనేదైనా చూసుకోమన్నారు డాక్టరు. రాజోలులో మా చెల్లెలి ఇంటికి దగ్గరగా ఒక చిన్న గది అద్దెకి తీసుకుని, ఒక జిరాక్సు మిషను, ఒక పాత కంప్యూటరు పెట్టుకున్నాను. ఆ కంప్యూటరు అమలాపురంలో రిపేర్లు చేసే ఒకాయన దగ్గర కొన్నాను. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన చెల్లెమ్మగారూ అంటారు. మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పారు. నలభై ఆరేళ్లకి నేర్చుకున్న విద్య కాబట్టి ఆయన చెప్పినదానికి అటూ ఇటూ పోయేదాన్ని కాదు. ఒక్కసారి తప్ప.

నా దగ్గరికి పాస్‌పోర్టు పనులకీ, పిల్లల హాల్ టికెట్లకీ వస్తారు. నవంబరు వచ్చిందంటే పెన్షను తీసుకునే పెద్దవాళ్లు వస్తారు. తాము బతికే ఉన్నామని ఏటా ఒక సర్టిఫికెట్ ఇస్తేగానీ వాళ్లకి పెన్షను ఆగకుండా రాదు. అందుకోసం కంప్యూటరుకి వేలిముద్ర తీసుకునే చిన్న పరికరం ఒకటి తగిలించి ఉంటుంది. మా వైపు దాన్ని తంబ్ మిషను అంటారు. వేలు పెట్టగానే ఎర్ర లైటు వెలుగుతుంది. ముద్ర సరిపోతే సరి, లేకపోతే మళ్లీ ఇంకో వేలు. ముసలివాళ్ల వేళ్లు ఓ పట్టాన పడవు. ఎవరికి ఏ వేలు పడుతుందో నాకు గుర్తుండిపోయేది. ఫలానా మాస్టారికి కుడి చూపుడు వేలు, ఫలానా నర్సమ్మగారికి ఎడమ బొటనవేలు. నవంబరు నెలంతా అలా ఒక్కొక్కరి వేలు పట్టుకుని నొక్కి నొక్కి, సాయంత్రానికి నా మణికట్టు పట్టేసేది.

నేను ఆయన మాట దాటిన ఏడాది, అక్టోబరు నుంచే కంప్యూటరు నత్తనడక మొదలెట్టింది. పొద్దున్న స్విచ్చి వేసి, గది ఊడ్చి, నీళ్లు చల్లి, టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకుంటూనే ఉండేది. దానికి తోడు తెర మీద మూలగా ఎర్ర రంగు కిటికీ ఒకటి రోజూ పైకి లేచేది. ఇంకేదో దింపుకుంటుంటే దాంతోపాటు వచ్చి కూర్చున్న ప్రోగ్రాము అది. మీ కంప్యూటరు రిజిస్ట్రీలో పన్నెండు వందల పైచిలుకు చెల్లని ఎంట్రీలు ఉన్నాయి, శుభ్రం చెయ్యమంటారా, అని అడిగేది. కింద పొడుగ్గా జాబితా. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ప్రతి లైను పక్కనా ఒక ఎర్ర గుర్తు.

అన్నయ్యగారికి ఫోన్ చేశాను.

"పన్నెండు వందల తప్పులున్నాయంటోందండీ."

"అది అలాగే అంటుందమ్మా, దానికదే పని," అన్నారాయన. "రిజిస్ట్రీ అంటే కంప్యూటరు తనకోసం తను రాసుకున్న పుస్తకం. ఏ ప్రోగ్రాము ఎక్కడుంది, ఏ మిషను తగిలిస్తే ఏం చెయ్యాలి, అన్నీ అందులోనే చూసుకుంటుంది. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లు కొన్ని అందులో మిగిలిపోతాయి. ఉంటే ఉన్నాయి. వాటివల్ల నష్టం లేదండి."

"మరి ఇంత నెమ్మదిగా నడుస్తోంది కదండీ?"

"అది డిస్కు పాతదైపోయి. ఈసారి వచ్చినప్పుడు మారుస్తాను. మీరు దాన్ని మాత్రం ముట్టుకోకండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాను.

కానీ మా చెల్లెలి భర్త, మా మరిదిగారు, స్కూలు ఆఫీసులో గుమస్తా. అక్కడి కంప్యూటరు ఆయన చేతిలోదే. సాయంత్రం ఇంటికెళ్తూ నా గది ముందు బండి ఆపి రెండు మాటలు మాట్లాడి వెళ్తారు. ఆ ఎర్ర కిటికీ చూసి ఆయన మొహం అదోలా పెట్టారు.

"అదేంటండీ వదినగారూ, తప్పులని అదే చెప్తుంటే ఉంచుకోవడం ఎందుకండీ? మా ఆఫీసులో నేను నెలకోసారి దులిపేస్తాను. మీ అమలాపురం ఆయన బాగుచేసేస్తే మళ్లీ పిలవరని భయం, అంతే."

ఆయన అన్నది నేను నమ్మలేదు. అన్నయ్యగారు అలాంటి మనిషి కాదు. కానీ దులపడం అన్నమాట విన్నాక ఊరుకోవడం నా వల్ల కాలేదు. పదకొండేళ్లు నేను చేసింది ఒకటే పని, శుభ్రం చెయ్యడం. నేను పనిచేసిన ఇంటావిడ తెల్ల కాగితం తీసుకుని తలుపుల పైఅంచు మీద రుద్ది చూసేది. కాగితం నల్లబడితే ఆ రోజు అన్ని గదులూ మళ్లీ మొదటినుంచి. ఇక్కడికొచ్చాక నాకు ఏ పైవాళ్లూ లేరు. అయినా ఎక్కడ దుమ్ముందని తెలిసినా చెయ్యి ఊరుకోదు. వారం రోజులు ఆ ఎర్ర గుర్తులు చూస్తూ కూర్చున్నాను.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, ఎవరూ లేని వేళ, నొక్కేశాను. పాతవి దాచి ఉంచమంటారా, తర్వాత కావలసి వస్తే వెనక్కి తెచ్చుకోవచ్చు, అని ఒక చిన్న కిటికీ అడిగింది. పొద్దుటినుంచి అది అడిగినవాటికీ, మనుషులు అడిగినవాటికీ జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయి ఉన్నాను. వద్దు అని నొక్కాను. పచ్చ గీత ఒకటి ఆ చివరి నుంచి ఈ చివరికి పాకింది. తప్పులు సున్నా అని వచ్చింది. ప్రాణం తెరిపిన పడ్డట్టయి, కంప్యూటరు ఆపేసి ఇంటికెళ్లి పడుకున్నాను.

మర్నాడు తెరిచేసరికి ఇద్దరు రిటైరైన మాస్టార్లు గుమ్మంలో ఉన్నారు. కంప్యూటరు ఎప్పటిలాగే నెమ్మదిగా లేచింది. తంబ్ మిషను మీద వేలు పెట్టించాను. లైటు వెలగలేదు. పరికరం కనబడటం లేదని తెర మీద వచ్చింది. వైరు పీకి పెట్టాను. వేరే చోట గుచ్చాను. ఆపి మళ్లీ వేశాను. ఏం చేసినా అదే మాట.

"సర్వరు రావట్లేదండి మాస్టారూ," అన్నాను. ఈ పనిలో ఉన్నవాళ్లందరం చెప్పే మాటే అది. వాళ్లూ అలవాటు పడినవాళ్లే. ఇంకో షాపుకి వెళ్తామని లేచారు.

వాళ్లు వెళ్లిన కాసేపటికి, నేను మామ్మగారూ అని పిలిచే పెద్దావిడ వచ్చింది. సఖినేటిపల్లి దారిలో ఒక పల్లె ఆవిడది. భర్త కాలవ లాకుల దగ్గర పనిచేసి పోయారు, ఆయన పెన్షను ఈవిడకొస్తుంది. చిన్నప్పటినుంచీ కొబ్బరి పీచుతో తాడు పేనుతోంది. ఆ పీచు రాసుకుని రాసుకుని వేళ్ల మీద గీతలన్నవే లేకుండా పోయాయి. వేరే షాపులో విసుక్కుంటే అప్పటికి మూడేళ్ల క్రితం నా దగ్గరికి వచ్చింది. ఆవిడకి పడే వేలు ఒక్కటే, ఎడమచేతి ఉంగరం వేలు. అది నేనే కనిపెట్టాను. అప్పటినుంచి నేను తప్ప ఎవరూ చెయ్యలేరని ఆవిడ నమ్మకం. సర్వరు లేదంటే సాయంత్రం దాకా గుమ్మం పక్క బల్ల మీదే కూర్చునే రకం. చూపు కూడా సరిగా ఆనదు.

ఆవిడ అడక్కుండానే ఎడమచెయ్యి చాపింది. మిషను పాడైందని చెప్పాలి. నేనే పాడుచేశానని చెప్పాలి. ఆవిడ వేలు తీసుకుని వెలగని మిషను మీద పెట్టాను.

"పడిందా అమ్మాయ్?"

"పడట్లేదు మామ్మగారూ."

ఎందుకలా అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆవిడ లేచి బయట కుళాయి దగ్గరికి వెళ్లింది. నా సబ్బు తీసుకుని చేతులు రుద్దుకుంది. కొంగుతో తుడుచుకుని వచ్చి మళ్లీ పెట్టింది. తర్వాత ఒక్కో వేలూ. పదీ అయ్యాయి. మళ్లీ కుళాయి దగ్గరికి వెళ్లింది.

"మా కోడలు చెప్తూనే ఉంది, తాళ్లు మానెయ్యమని. నేనే వినలేదు. ఉన్న ఒక్క వేలూ అరగ్గొట్టుకున్నాను," అంది తిరిగొచ్చి. "పొద్దున్నే నీకు శ్రమ పెట్టేను, ఏవనుకోకు."

ఏమీ అనుకోనని చెప్పాను. ఆవిడ మెల్లగా వెళ్లి ఆటో ఎక్కింది. నేను షట్టరు సగం దించేసి కూర్చున్నాను.

అన్నయ్యగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "రేపు వస్తానండి," అని మాత్రం అన్నారు.

మర్నాడు పదిన్నరకి అమలాపురం బస్సులో దిగారు. కుర్చీలో కూర్చుని మొదట అడిగింది ఒకటే.

"పాతవి దాచి ఉంచేరా అమ్మా?"

"లేదండి."

"పోనీ, కంప్యూటరు తనంతట తను ఏమైనా దాచుకుందేమో చూద్దాం," అని వెతికారు. ఏమీ దొరకలేదు. ఆ సదుపాయం ఎప్పుడో ఆగిపోయి ఉంది. ఇక తంబ్ మిషనుకి సంబంధించినదంతా ఆనవాలు లేకుండా తీసేసి, మొదటినుంచి ఎక్కించడం మొదలెట్టారు. నెట్టు ఆ రోజు చుక్కలు చూపించింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. మూడింటికి గానీ ఎర్ర లైటు వెలగలేదు.

"ఆ ప్రోగ్రాముకి తెలియనిదల్లా తప్పే అంటుందండి," అన్నారు టీ తాగుతూ. "తంబ్ మిషను వాళ్లు రాసుకున్న పద్ధతి దానికి తెలీదు. పనికిరాదనుకుని తీసి పారేసింది. అందులో నిజంగా పనికిరానివీ ఉంటాయి. కానీ ఏది ఏదో మీకూ తెలీదు, నాకూ తెలీదు. అందుకే ముట్టుకోవద్దన్నాను."

మందలించలేదు. మందలిస్తే బాగుండుననిపించింది నాకు. డిస్కు వచ్చేవారం తెచ్చి మారుస్తానని చెప్పి, ఆ ఎర్ర కిటికీ ప్రోగ్రాముని నా చేతే తీయించి వెళ్లారు.

ఆ తర్వాతి రోజు పొద్దున్న షేర్ ఆటోలో మామ్మగారి ఊరు వెళ్లాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. చూరు కింద తాడు పేనే రాట్నం ఆగి ఉంది. పీచు మూట విప్పలేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని, గిన్నెలో గోరువెచ్చని నీళ్లలో రెండు చేతులూ ముంచి ఉంది.

"రెండు రోజుల్నుంచి ఇదేనండీ," అంది కోడలు. "కొబ్బరినూనె రాస్తారు, నీళ్లలో పెడతారు. గీతలు మళ్లీ వస్తాయంటారు. అన్నం కూడా చెంచాతో తింటున్నారు."

నేను అరుగు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పేశాను. వేళ్ల తప్పు కాదని, మిషను ఆ రోజు అసలు పనిచెయ్యలేదని, కంప్యూటరులో ఏదో శుభ్రం చేస్తానని నేనే పాడుచేశానని.

ఆవిడ చేతులు నీళ్లలోంచి తీసి చూసుకుంది. నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

"అయితే మొన్న లైటే వెలగలేదా?"

"లేదండి."

"మరి నాచేత పది వేళ్లూ ఎందుకు పెట్టించేవు?"

"సిగ్గేసిందండీ చెప్పడానికి."

కోడలు నావైపు చూసి లోపలికి వెళ్లిపోయింది. మామ్మగారు గిన్నెలో నీళ్లు మొక్కకి పారబోసి, చీర మార్చుకొస్తానని లేచింది. ఆటోలో నా పక్కనే కూర్చుంది గానీ రాజోలు వచ్చేదాకా ఒక్క మాట అనలేదు.

చేతులు బాగా ఆరేదాకా ఫ్యాను కింద కూర్చోబెట్టాను. ఎడమచేతి ఉంగరం వేలు పెట్టించాను. మొదటిసారి పడలేదు. రెండోసారీ పడలేదు. మూడోసారి కొంచెం వాల్చి నొక్కితే పచ్చ టిక్కు వచ్చింది. కాగితం తీసి చేతికిచ్చాను. ఆవిడ దాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని చూసి, నా మొహంలోకి చూసింది.

"ఇది మిషను ఒప్పుకున్నదే కదా? నువ్వు చెప్తున్నది కాదు కదా?"

"ఆయ్, మిషనేనండి," అన్నాను.

ఆ మాట చాలాకాలం నాకు గుచ్చుకుంది. గుచ్చుకోవాలని ఆవిడ అన్నట్టు లేదు. తెలుసుకుందామనే అడిగింది.

వారం తర్వాత అన్నయ్యగారు డిస్కు మార్చారు. అదే కంప్యూటరు, అదే రిజిస్ట్రీ పుస్తకం, పనికిరాని పేర్లు కొన్ని ఇంకా అందులో ఉండే ఉంటాయి. అయినా నేను స్విచ్చి వేసి చీపురు పట్టుకునేలోపే తెరుచుకునేది. మరిదిగారికి సంగతంతా చెప్తే, "మా దాంట్లో ఎప్పుడూ అలా అవ్వలేదండీ," అన్నారు. ఆయన ఇంకా నెలనెలా దులుపుతూనే ఉన్నారు. నేను వాదించలేదు. వాదించే ఓపిక లేదు.

ఇప్పుడు తంబ్ మిషనుకి పని బాగా తగ్గింది. ఫోనులో ముఖం చూపిస్తే చాలు, సర్టిఫికెట్ వచ్చేస్తోంది. నవంబరులో కూడా మధ్యాహ్నాలు ఖాళీగానే ఉంటున్నాను. పోయిన ఏడాది మామ్మగారిది వాళ్ల మనవరాలు ఇంట్లోనే చేసిపెట్టిందట. ఆ సంగతి చెప్పడానికి ఆవిడే ఆటో కట్టించుకుని వచ్చింది. బల్ల మీద కూర్చుని మంచినీళ్లు తాగింది. సంచిలోంచి మడత పెట్టిన ఆ సర్టిఫికెట్ కాగితం తీసి, రెండు జిరాక్సులు తియ్యమంది, తన చూపుకి ఆనేలా అక్షరాలు కొంచెం పెద్దవిగా రావాలంది.