క్యాబేజీ తన్నిన పిల్ల ఏడో రౌండు

తోంగ్ గ్వేలాన్ మొదటి గోల్ కొట్టింది బంతితో కాదు, క్యాబేజీతో.

చైనాలోని ఫూషున్‌లో చలి ముదిరే ముందు లారీలు వచ్చి వీధివీధినా పొడుగు క్యాబేజీలను కొండల్లా దింపిపోయేవి. ఇంటికి మూడు వందల కిలోలు. వసంతం దాకా అదే కూర, అదే ఊరగాయ. వాటిని మూడో అంతస్తుకు మోయడం పదకొండేళ్ల గ్వేలాన్ పని. ఒకరోజు మెట్లెక్కీ ఎక్కీ విసుగొచ్చి, ఒక క్యాబేజీని ఎత్తి కుడికాలితో తన్నింది. అది గాల్లో రెండు ఆకులు రాల్చుకుని, మూడో అంతస్తు కిటికీలోంచి దూరి, నేరుగా ఊరగాయ జాడీలో పడిందని ఆ వీధివాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఉప్పు కూడా తనే పూసుకుందని చెప్పేవాళ్లున్నారు. వాళ్లను నమ్మనక్కర్లేదు.

వాళ్లమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. ఉక్కు మిల్లులో క్రేన్ నడిపే మనిషి, యంత్రాల రొద దాటి వినిపించే గొంతు.

"ఎవర్తే తన్నింది?"

"జారిందమ్మా."

"పైకి జారిందా?"

అటుగా సైకిలు మీద పోతున్న వాన్ ఆగిపోయాడు. క్రీడా పాఠశాలలో ఫుట్‌బాల్ కోచ్ ఆయన. "అక్కా, ఈ పిల్లను నాకివ్వండి," అన్నాడు.

"తీసుకుపో. మోతపని ఉన్న రోజు మాత్రం ఇంటికి పంపు," అంది తల్లి.

పంతొమ్మిదేళ్లకు గ్వేలాన్ జాతీయ జట్టులో ఫార్వర్డ్. ఎనభై అయిదు నిమిషాలు కూరగాయల బజారులో తిరిగినట్టు మైదానంలో తిరిగేది. బంతి సరైన చోట పడితే మాత్రం అయిదంటే అయిదే అడుగులు. అందకపోతే గడ్డి మీద జారి, బొటనవేలి చివరతో గోల్‌లోకి నెట్టేది. అలా వానలో కొట్టిన ఒక గోల్‌ని అవతలి గోల్‌కీపర్ ఇంకా వెతుక్కుంటోందట.

ఆమెకు ఒక్కటే గండం, పన్నెండు నిమిషాల పరుగు. జట్టు ఎంపికకు ముందు ప్రతి శిబిరంలోనూ ఆ పరీక్ష ఉండేది. పన్నెండు నిమిషాల్లో ట్రాక్ చుట్టూ ఏడు రౌండ్లు. తప్పితే ఎన్ని గోల్స్ కొట్టినదైనా ఇంటికే. గ్వేలాన్ ఏటా తిట్టుకుంటూ, ఏటా చివరి క్షణంలో గట్టెక్కేది.

ముప్పైరెండో ఏట, ఆసియా టోర్నీకి రెండు నెలల ముందు, చలి ఎరగని కున్మింగ్ ఊళ్లో శిబిరానికి వెళ్లింది. అప్పటికి కుడి మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. ఇదే ఆఖరి టోర్నీ అని ఆమెకు తెలుసు. వాన్ ఇప్పుడు జాతీయ కోచ్. ఫార్వర్డ్‌లలో ఒక్క చోటే మిగిలింది. దానికి పోటీ ఆమె గదిలోనే ఉండే పంతొమ్మిదేళ్ల హావో జింగ్.

జింగ్ పొద్దున్నే తన ఏడు రౌండ్లు ముగించింది. గ్వేలాన్ వంతు వచ్చినప్పుడు మళ్లీ ట్రాక్ ఎక్కి పక్కనే పరిగెత్తింది.

"తోంగక్కా, నిన్న భోజనాల గంటకి ఇంతకన్నా వేగంగా ఉరికావు."

"అక్కడ పంది మాంసం ఉంది."

"నువ్వు తప్పితే ఆ చోటు నాది, తెలుసా?"

"మరి నా పక్కన నీకేం పనే?"

"నువ్వు కూలబడితే ముందు వరసలో ఉండి చూడొద్దూ?"

ఏడో రౌండు చివర గీత ఇంకా మూడు మీటర్లుండగా వాన్ ఈలను నోట్లో పెట్టుకున్నాడు. పదమూడేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గ్వేలాన్ జారింది. అది గడ్డి కాదు, ఎర్ర రబ్బరు ట్రాక్. తొడ మీది చర్మం సగం అక్కడే ఉండిపోయింది. ఈల మోగేసరికి ఆమె కుడికాలు గీతకి అవతల ఉంది.

"పరుగంటే నిలబడి చేసేది," అన్నాడు టేపు పట్టుకున్న సహాయకుడు. "ఈమె పడుకుంది."

వాన్ వంగి బూటును చూశాడు. "కాలు ఎక్కడుందో అదే లెక్క. రాసుకో, ఏడు."

అందరూ పడీపడీ నవ్వారు. మోకాలిలో ఏదో టప్పుమన్న సంగతి గ్వేలాన్‌కి తెలుసు. పక్కనున్న జింగ్‌కి కూడా వినబడింది.

జాబితాలో గ్వేలాన్ పేరు వచ్చింది. జింగ్ పేరు అదనపు ఆటగాళ్లలో పడింది. అయినా జింగే వంటగదిలోంచి బేసిన్‌తో ఐస్ దొంగిలించి తెచ్చి, మంచం పక్కన పెట్టేది. "పెట్టుకో. నువ్వు కుంటుతుంటే నాకు నిద్ర పట్టడంలేదు," అనేది.

తల్లి ఫోన్ చేసింది. "పేరుందా?"

"ఉందమ్మా."

"మరి ఆ గొంతేంటి?"

"చలి చేసింది."

"కున్మింగ్‌లో చలా?"

అయిదో రోజు ప్రాక్టీసులో గోల్ ముందుకు బంతి వచ్చింది. సరిగ్గా అయిదడుగుల దూరం. మూడో అడుగు దగ్గర మోకాలు మొరాయించింది. వెనక నుంచి వచ్చిన జింగ్ బంతిని కాలికింద తొక్కి ఆపేసింది.

"తన్నవేం?" అంది గ్వేలాన్.

"నీ బంతి కదక్కా."

మోకాలి కన్నా ఆ మాట ఎక్కువ నొప్పి పెట్టింది. గ్వేలాన్ కుంటుతూ వాన్ దగ్గరికి వెళ్లింది. ఇక దాచలేదు.

"కోచ్ గారూ, నా పేరు తీసేసి జింగ్‌ది రాయండి."

వాన్ జేబులోంచి జాబితా తీశాడు. "నాలుగు రోజులుగా ఐస్ పోతోందని వంటవాడు గోల పెడుతున్నాడు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"ఆ పేరు కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు."

నవంబరులో ఆసియా టోర్నీ మ్యాచ్ జరిగిన మధ్యాహ్నం, ఫూషున్‌లో తోంగ్ వాళ్లింట్లో టీవీ ముందు వీధంతా కూర్చుంది. గ్వేలాన్ ఒక మూల క్యాబేజీలకు ఉప్పు పట్టిస్తోంది. డెబ్భై తొమ్మిదో నిమిషంలో జింగ్‌కి ఒక బంతి అందనంత దూరంగా పోతోంది. జింగ్ జారింది. బొటనవేలు తగిలింది. గోల్.

"అచ్చం మన గ్వేలానే," అన్నాడు పక్కింటాయన.

"మనది ఇంకో జానెడు ముందుకు జారేది," అంది తల్లి.

గ్వేలాన్ ముక్కు తుడుచుకుంటే చేతిలోని ఉప్పు అంటుకుంది. మిగిలిన క్యాబేజీలు తెస్తానని లేచి, ఒక్కో మెట్టూ దిగి వీధిలోకి వెళ్లింది. పైకి చూసింది. కిటికీ తెరిచే ఉంది. కుడికాలు ఇక పనికిరాదు.

కాసేపటికి రెండో అంతస్తులో గాజు పగిలిన చప్పుడైంది. మూడో అంతస్తులోంచి తల్లి తల బయటికొచ్చింది.

"ఎడమకాలితోనా?"

"జారిందమ్మా."