గడప దగ్గర కోడి

మా ఊరి మలుపులో జీపు ఆగితే డ్రైవరు హారన్ కొడతాడు. కొండ మీద ఎక్కడున్నా మేం దిగుతాం. ఆరోజు నేను కాఫీ పళ్ళు కోస్తున్నాను. జీపు ఆగింది గానీ హారన్ మోగలేదు. మఫ్లరు చేత్తో పట్టుకుని డ్రైవరే పైకి నడిచి వచ్చాడు.

"మామ్మా, మీ మేష్టారు..." అని ఆగిపోయాడు.

"నానుస్తావేటిరా? సెప్పీ."

విశాఖ ఆసుపత్రిలో పొద్దున్న పోయారట. సాయంత్రానికి ఇంటికి తెస్తారట. నేను బుట్ట దించి ఆ చెట్టు కిందే కూలబడ్డాను. పండిన పళ్ళు ఇంకా కొమ్మ మీద ఉన్నాయి. వాటిని కోయబుద్ధి కాలేదు.

తర్వాత బడిలో సంతాపసభ పెట్టారు. పెద్దవాళ్ళంతా మాట్లాడారు. పిల్లలకు చదువు చెప్పారన్నారు, మొక్కలు నాటించారన్నారు, ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదన్నారు. అన్నీ నిజాలే. కోర్టు మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నేను లేచి చెప్పబోతే మైకు పట్టుకున్నాయన "మామ్మా, టైం అయిపోయింది" అన్నాడు. ఆ మాట ఎత్తితే ఎవరో నొచ్చుకుంటారని వాళ్ళ భయం. నొచ్చుకోవలసిన మనిషి ఏం చేశాడో చివర్లో చెబుతాను. నాకు చదువు రాదు, నోరుంది. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. మాట కాస్త సర్ది రాస్తానంది. మాట సర్దుకో, జరిగింది మాత్రం కదపకు అన్నాను.

మేష్టారు మైదానం మనిషి. వయసులో ఉండగా తల్లిని వెంటబెట్టుకుని, చంకలో నల్ల గొడుగుతో అరకు వచ్చారు. సంతవీధిలో పెద్ద షావుకారు గొడౌను వెనక రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. షావుకారు ఆయనకు దూరపు బంధువే. ఆ రోజుల్లో సంతలో మమ్మల్ని "ఓలే", "ఏటే" అనేవారు. మా మగవాళ్ళ తల నెరిసినా "ఒరే" అనే పిలుపు మారేది కాదు. మేష్టారు మాత్రం "రండమ్మా, కూర్చోండి" అన్నారు. పసిపిల్లలను కూడా మీరు అనేవారు. ఎవరైనా కోపంగా వస్తే "ముందు నీళ్ళు తాగండి, తరవాత తిట్టండి" అనేవారు. ఆయన నీళ్ళు నేను చాలా తాగాను.

ఆయన తల్లి పోయినరోజు నేను ఒక కోడిని పట్టుకెళ్ళాను. మా కొండ మీద ఒక పద్ధతి ఉంది. ఎవరింట చెడు జరిగినా, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఒక కోడిని తెచ్చి ఆ గడప దగ్గర కట్టి, గుప్పెడు చోళ్ళు, అంటే రాగులు, చల్లి, కాసేపు తల దించుకుని కూర్చుంటారు. మేం పక్కనే ఉండి కూడా ఆపలేకపోయాం, ఈ ఇల్లు చల్లబడాలి అని దాని అర్థం. మేష్టారికి అదేమీ తెలియదు. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ కళ్ళతో బయటికి వచ్చి, "ఇవాళ కోడి వద్దమ్మా, అయినా ఎంత?" అని అడిగారు.

"అమ్మడానికొచ్చీసినాననుకున్నారేటి? మీ అమ్మ సచ్చిపోనాది గదా, అందుకు తెచ్చినాను" అని కసిరాను.

అంత దుఃఖంలోనూ ఆయన సిగ్గుపడ్డారు. వచ్చి నా పక్కనే నేలమీద కూర్చున్నారు.

ఆదివారాలు మా ఊరు వచ్చి, నెగడు దగ్గర కథలు చెప్పేవారు. కొన్ని ఆయన అల్లినవే. ఒక కథలో చిన్న ఊళ్ళో బావి నీళ్ళు విషమవుతాయి. ఊరి చివర బుట్టలు అల్లేవాడి మీద నేరం పడుతుంది. వాడు చేయలేదని ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు విప్పరు. ఒక మంత్రసాని మాత్రం కోర్టుకెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అయినా వాడికి శిక్ష పడుతుంది.

నాకు ఒళ్ళు మండింది. "అయితే ఆవిడ సెప్పి ఏటి లాభం? వాణ్ణి ఒగ్గీమనండి జడ్జీగారిని! మీ కథే గదా, మీ సేతిలో పనే గదా!"

"నా చేతిలో పనే అమ్మా. కానీ ఆవిడ చెప్పాక, మాకు తెలీదు అనే వీలు ఆ ఊళ్ళో ఎవరికీ లేకుండా పోయింది చూడండి."

"ఆ ముక్క జైల్లో ఉన్నోడికి సెప్పండి" అన్నాను. మా ఆడవాళ్ళంతా నవ్వారు. ఆయనా నవ్వారు గానీ కథ మార్చలేదు.

ఆ మరుసటి చలికాలం షావుకారు గొడౌను కాలిపోయింది. మిరియాలు, పసుపు అంతా బూడిద. వెనక మేష్టారి గదుల దాకా మంట రాలేదు. ఆ రాత్రి మా తమ్ముడు ఆఖరి జీపు తప్పిపోయి ఆ అరుగు మీదే పడుకున్నాడు. మంట చూసి కేకలు పెట్టింది వాడే. అందరితో కలిసి నీళ్ళు పోశాడు. తెల్లారాక ఏం చేశాడు? మా వాళ్ళు ఎవరైనా చేసేదే చేశాడు. సంతలో ఒక పుంజును కొని, షావుకారు గడప దగ్గర కట్టి, చోళ్ళు చల్లి, తల దించుకుని కూర్చున్నాడు.

"సూడండి! సేసినోడే కోడి తెచ్చి కాళ్ళ మీద పడ్డాడు!" అన్నారు షావుకారు మనుషులు. మా తమ్ముణ్ణి స్టేషనుకు ఈడ్చుకుపోయారు.

కోర్టులో అవతలి ప్లీడరు అడిగాడు: "కోడి తెచ్చావా?"

"తెచ్చినాను బాబూ."

"ఎందుకు తెచ్చావు?"

"కాలిపోనాది గదా బాబూ."

కోర్టంతా నవ్వింది. షావుకారు వెనక కూర్చున్న కుర్రాడు, ఆయన కొడుకు, అందరికంటే గట్టిగా నవ్వాడు. వాడి పళ్ళు ఈరోజుకీ నా కళ్ళలో ఉన్నాయి. మా తమ్ముడు నావైపు చూశాడు. వాడికి భార్య, ఆమె కడుపులో బిడ్డ. జైలుకు పోతే ఆ ఇల్లు ఎవరు చూడాలి?

మా తరఫు ప్లీడరు మేష్టారిని సాక్ష్యానికి రమ్మన్నాడు. ఆ సంగతి తెలిసి షావుకారు ఆయన్ని దుకాణంలోకి పిలిచాడు. నేను బయట అల్లం మూటతో నిలబడి ఉన్నాను.

"మీరు మావోళ్ళు మేష్టారూ. కొండోళ్ళ గొడవ మీకేల?"

"నేను చూసింది చెప్తానండి. అంతకు మించి ఒక్క ముక్క చెప్పను."

"మరి మా ఇంట్లో ఎలా ఉంటారు?"

మేష్టారు గొడుగు తీసుకుని లేచారు. బయటికి వచ్చి నన్ను చూశారు. "ఆ మంత్రసాని చేత తేలిగ్గా చెప్పించేశానమ్మా. ఇప్పుడు తెలుస్తోంది" అన్నారు.

"నీళ్ళు తాగండి మేష్టారూ" అన్నాను. ఆయన మాట ఆయనకే ఇచ్చాను. ఆయన నిజంగానే కొళాయి దగ్గరికి వెళ్ళి తాగారు.

మర్నాడు బోనెక్కి తల్లి పోయినరోజు సంగతి చెప్పారు. కోడి ధర అడిగిన సంగతి కూడా దాచలేదు. తర్వాత నావైపు చెయ్యి చూపించారు. "అదిగో, ఆవిడే. మా అమ్మ పోయిందని కోడి తెచ్చి నా గడప దగ్గర కూర్చుంది. కోడి తెచ్చినవాడే నేరస్తుడైతే, మా అమ్మను ఆవిడే చంపి ఉండాలి. మా అమ్మ జ్వరంతో పోయిందండీ. నాకు ఈ ఊళ్ళో ఎందరో చుట్టాలున్నారు. ఆరోజు నా పక్కన నేలమీద కూర్చున్నది ఈవిడ ఒక్కతే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. జడ్జీగారు మా పద్ధతి గురించి నన్ను, మా ఊరి పెద్దను పిలిచి అడిగారు. మంట పెట్టడం చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. మా తమ్ముణ్ణి వదిలేశారు.

గెలిచామనకండి. మా తమ్ముడు ఇంటికొచ్చాడు గానీ, బతికినన్నాళ్ళూ సంతలో ఎవరి అరుగు మీదా కూర్చోలేదు. వానొచ్చినా తడుస్తూ నిలబడేవాడు. మేష్టారి సామాను ఆ వారమే వీధిలో పెట్టారు. పాలవాడు మానేశాడు, కొట్లో అడిగింది లేదనేవారు. మా ఊళ్ళో రెండు గదులు వేసుకుని మాతోనే ఉండిపోయారు. చలికి వణుకుతూ, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరుతో రోజూ బడికి దిగేవారు.

"ఇప్పుడన్నా ఆ బుట్టలోడిని ఇడిపించండి మేష్టారూ. మా తమ్ముడు ఇంటికొచ్చీసినాడు గదా!" అని ఒకసారి పోరాను.

"మీ తమ్ముడు వచ్చాడమ్మా. రానివాళ్ళున్నారు. ఆ కథ వాళ్ళది. అది కూడా లాక్కుంటే ఎలా?" అన్నారు.

ఆయన్ని ఇంటికి తెచ్చిన సాయంత్రం నేను కోడితో వెళ్ళాను. విజయనగరం నుంచి వచ్చిన ఆయన చెల్లెలు నన్ను చూసి లేచింది. ధర అడగలేదు. "అన్నయ్య చెప్పేవాడు, మీరేనా?" అంది. నేను కోడిని గడప పక్క గుంజకు కట్టి, చోళ్ళు చల్లి కూర్చున్నాను. పైన మేకుకు ఆయన గొడుగు వేలాడుతోంది.

చీకటి పడబోతుండగా కారొకటి ఆగింది. దిగినవాడిని పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. జుట్టంతా నెరిసింది. ఆ షావుకారు కొడుకు. వాడి చేతిలో ఒక పుంజు ఉంది. రెండు రెక్కలూ ఒత్తి, మూటలా పట్టుకున్నాడు. అది గింజుకుంటోంది, వాడి చొక్కా మీద ఈకలు. గడప దాకా వచ్చి, తర్వాత ఏం చేయాలో తెలియక నిలబడిపోయాడు. అందరూ నావైపే చూస్తున్నారు.

"అలా గాదు, దాని కాళ్ళు పట్టుకోవాల" అన్నాను. కోర్టు రోజు తర్వాత ఆ ఇంటివాళ్ళతో నేను ఆడిన మొదటి మాట అది.

కట్టడానికి చోటు చాలలేదు. నా కోడిని కొంచెం పక్కకు జరిపాను. వాడు కట్టాడు. చోళ్ళు తేలేదు. నా కొంగు ముడిలో మిగిలినవి వాడి అరచేతిలో పోశాను. చల్లి, తల దించుకుని, ఖరీదైన బట్టలతోనే మట్టిలో కూర్చున్నాడు. నేను వాడి వైపు చూడలేదు. గొడుగు కింద రెండు కోళ్ళూ కాసేపు మెడలు నిక్కించి ఒకదాన్నొకటి చూసుకున్నాయి. తర్వాత తలలు వంచి, ఒకే చోట గింజలు ఏరుకోవడం మొదలుపెట్టాయి.