నోట్సులో లేని ఊరు

బందరులో ఒక మిషన్ బాలికల హైస్కూల్లో తెలుగు టీచరుగా చేరిన కొత్తలో, సిక్స్తు ఫారం, అంటే బడిలో ఆఖరి క్లాసు పిల్లలకి ‘మా గ్రామము’ అని వ్యాసం ఇచ్చాను. మర్నాటికి ముప్పై ఎనిమిది నోటుపుస్తకాలు బల్ల మీదికి వచ్చాయి. మొదటిది దిద్దాను. బాగుంది. రెండోది తెరిస్తే, పొరపాటున మొదటిదే మళ్ళీ తెరిచానేమో అనుకున్నాను. మూడోదీ అంతే. పదోదీ అంతే. ‘మా గ్రామము ప్రకృతి సౌందర్యమునకు నిలయము. గ్రామమధ్యమున దేవాలయము కలదు. దాని ఎదుట రచ్చబండ కలదు. పచ్చని పైరులు కన్నులపండువుగా నుండును.’ కామా పెట్టిన చోటుతో సహా అన్నీ ఒకటే.

ఆ పిల్లల్లో సగానికి పైగా హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు. దివిసీమ నుంచి, నందివాడ వైపు నుంచి, పామిడిముక్కల వైపు నుంచి పాస్టరుగారి ఉత్తరం పట్టుకుని వచ్చిన కూలీల పిల్లలు. వాళ్ళ ఇళ్ళు గ్రామమధ్యమున లేవు. ఊరికి ఎడంగా, మురుగుకాలవ దాటాక ఉన్న పేటల్లో ఉండేవి. వాళ్ళు వర్ణించిన దేవాలయంలోకి గాని, రచ్చబండ మీదికి గాని వాళ్ళని ఎవరూ రానిచ్చేవారు కాదు. అయినా గుండ్రటి అక్షరాలతో ఎంత ముచ్చటగా రాశారో!

నాకు ఒళ్ళు మండాల్సింది. మండలేదు, ఎందుకంటే ఆ వ్యాసం నాకూ వచ్చు. గుడివాడలో నేను చదువుకున్నప్పుడు మా పంతులుగారు నోట్సు చెప్పింది అదే. ఆయన మంచివారు, బడిలో నన్ను ముందు బెంచీ మీద కూర్చోబెట్టిన మొదటి మనిషి. ఆ వ్యాసం పొల్లు పోకుండా రాసినందుకు నాకు ఫౌంటెన్ పెన్ను బహుమతి ఇచ్చారు. ఆ రోజు పిల్లల పుస్తకాలు నేను దిద్దుతున్నది ఆ పెన్నుతోనే.

అన్నిటికన్నా అడుగున ఉన్న పుస్తకంలో మాత్రం ఒక్క వాక్యమే ఉంది. అదీ సగమే. ‘మా గ్రామము ప్రకృతి’ దగ్గర ఆగిపోయింది. ఆ పుస్తకం దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన పిల్లది. అంతకు ముందటేడు అన్నీ గట్టెక్కి ఒక్క తెలుగులోనే తప్పి, మళ్ళీ అదే క్లాసులో కూర్చుంది. ఆ పిల్లకి కంఠతా పట్టడం అనే విద్య దేవుడు ఇవ్వలేదు. ఆదివారం పొద్దున హాస్టల్లో బైబిలు వాక్యం అప్పజెప్పనివాళ్ళు మిగతావాళ్ళు తినేదాకా బయట నిలబడాలి. ఆ పిల్ల ప్రతి ఆదివారం నిలబడేది. తెలుగులో పాసైతే టీచర్ ట్రైనింగులో సీటు వస్తుంది. ఈసారీ తప్పితే హాస్టల్లో చోటు ఉండదు, వాళ్ళమ్మతో పాటు వరి ఊడ్పులకి దిగడమే.

సాయంత్రం ఆ పిల్లని వరండాలో కూర్చోబెట్టాను. వ్యాసం సంగతి ఎత్తకుండా, మీ ఊళ్ళో తాగడానికి నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకుంటారు అని అడిగాను.

"బావి నీళ్ళు ఉప్పండీ. ఇసకలో చెలమ తవ్వి, నీళ్ళు ఊరేదాకా కూకుని, చిప్పతో తోడుకోవాలండీ. పోటొచ్చిందంటే అయ్యీ ఉప్పైపోతాయండీ. అందుకని మా అమ్మ సముద్రం వెనక్కి తగ్గే యేళ చూసుకుని ఎల్తదండీ."

"ఇదే రాయి."

ఆ పిల్ల నావైపు అనుమానంగా చూసింది. "ఇది వ్యాసం ఎలాగవుద్దండీ? మేం రోజూ చేసేదే గదండీ."

వ్యాసం అంటే ఏమిటో చూపిద్దామని, గొప్ప కూడా కొంత కలిసి, నా పెట్టెలో దాచుకున్న పాత నోటుపుస్తకం తెచ్చి నా బహుమతి వ్యాసం చదివి వినిపించాను. ఆ పిల్ల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని శ్రద్ధగా విన్నది. అంతా అయ్యాక అడిగింది.

"అది మీ ఊరేనా టీచర్‌గారూ?"

వెటకారమేమీ లేదు. తెలుసుకుందామనే అడిగింది. మా నాన్న నందివాడ దగ్గర ఒక ఆసామి కింద పాలేరు. మా పాక మురుగుకాలవ గట్టు మీద ఉండేది. నేను చదివిన దాంట్లో కాలవా లేదు, పాకా లేదు, మా నాన్నా లేడు. ఆ మాట పిల్లకి చెప్పడానికి నోరు రాలేదు. "టైమైంది, హాస్టలుకి వెళ్ళు" అని కసిరాను. సిగ్గేసింది.

మర్నాడు క్లాసులో బల్ల గుద్ది చెప్పాను. ఈ ఏడు నోట్సు చెప్పను. పాత నోట్సు ఎవరి దగ్గరున్నా నాకు కనపడకూడదు. పిల్లలు బిక్కమొహాలు వేశారు. బోర్డు మీద ‘పచ్చని పైరులు కన్నులపండువుగా నుండును’ అని రాసి, "ఈ పైరు ఊడ్చిందెవరు?" అని అడిగాను. ముందు బెంచీ పిల్లలు పుస్తకాలు తిరగేశారు. మళ్ళీ అడిగాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల, నేరం ఒప్పుకుంటున్నట్టు, "మా అమ్మండీ" అంది. ఆ తర్వాత ఇంకో పిల్ల, ఇంకో పిల్ల. "మరి మీ అమ్మలు లేకుండా వాక్యం ఎలా రాశారర్రా? రేపటి నుంచి పని చేసినవాళ్ళు వాక్యంలో ముందు కనపడాలి. క్రియ తర్వాత చూద్దాం" అన్నాను. అదే మా వ్యాకరణంలో మొదటి పాఠం.

రోజూ ఒక్కొక్కళ్ళు ఇంటి దగ్గర వాడే మాటలు అయిదు తేవాలి. బోర్డుకి ఒక పక్కన ఇంటి మాట, రెండో పక్కన పరీక్షలో రాయదగ్గ మాట. పెడన నుంచి వచ్చే నేతవారి పిల్ల మగ్గం మీది నిలువు దారాలకీ అడ్డు దారాలకీ పడుగు, పేక అనే మాటలు తెచ్చింది. గుడ్డల మీద రంగులు అద్దేవారి పిల్ల, కరక్కాయ నీళ్ళలో గుడ్డ నానబెట్టడం దగ్గర నుంచి ఏటి నీళ్ళలో జాడించడం దాకా చెబితే ఒక పూట గడిచిపోయింది. ఆ మాటలతోనే విభక్తులు చెప్పాను, ఆ మాటలతోనే సంధులు విడదీయించాను. పర్యాయపదాలు పుస్తకంలోవే చెప్పాల్సి వచ్చేది, కాదనను. సముద్రానికి పది పేర్లు వల్లె వేసిన పిల్లలు, దివిసీమ పిల్ల పోటు గురించి చెబుతుంటే నోళ్ళు తెరుచుకుని విన్నారు.

నెల తిరక్కుండా హెడ్‌మిస్ట్రెస్‌గారి నుంచి కబురొచ్చింది. ఆవిడ మొహమాటం తెలియని మనిషి.

"నోట్సు చెప్పట్లేదటగా?"

"చెప్పట్లేదండీ."

"తల్లిదండ్రులు వచ్చి అడుగుతున్నారమ్మా. ఆ నోట్సుతోనే ఇన్నాళ్ళూ పిల్లలు పాసయ్యారు. నువ్వూ అలాగే పాసయ్యావు గదా. ఫలితాలు తగ్గితే నేనేం చెప్పుకోను?"

"నా పేరు చెప్పండి. నన్ను తీసేసినా ఏమీ అనుకోను. నోట్సు మాత్రం చెప్పనండీ."

ఈ ఉద్యోగం పోతే మా ఇంటికి ఆధారం మరొకటి లేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మొండిదానివి. మార్చి పరీక్షల దాకా చూస్తాను" అంది.

దివిసీమ పిల్లతో రోజూ బడి అయ్యాక గంటసేపు కుస్తీ. పరీక్షలో గ్రాంథికమే రాయాలి. చెలమ తవ్వడం తెలిసిన పిల్లకి ‘వెళ్ళును’, ‘త్రవ్వుదురు’ అని రాయడం చేతకాదు. ఒత్తు మరిచిపోయేది, దీర్ఘం ఎగరగొట్టేది. నేను ఎర్రసిరాతో కొట్టేసేదాన్ని. నాకు ఓపిక తక్కువ. ఒకరోజు పుస్తకం విసిరికొట్టాను కూడా. ఆ పిల్ల ఏడ్చింది. "ఏడవటం అయిపోయాక ఆ వాక్యం మళ్ళీ రాయి" అన్నాను. ముక్కు తుడుచుకుని రాసింది. అలా పదకొండు సార్లు రాసింది ఆ వ్యాసం. ప్రతిసారీ ఏదో ఒకటి మారేది, ఎందుకంటే కంఠతా రాదు గదా, ప్రతిసారీ ఊరిని మళ్ళీ తలుచుకుని రాయాల్సిందే. ఒకసారి మడ అడవి వచ్చేది, ఒకసారి పీతలు పట్టడం. ఒకసారి వాళ్ళమ్మ వంటకి బియ్యం పోసేటప్పుడల్లా దేవుడి పేర గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం, ఇంట్లో పస్తున్న రోజున కూడా ఆ కుండ ముట్టుకోకపోవడం వచ్చింది. అది చదివి పుస్తకం మూసి, ఇంక దిద్దడానికేం లేదు పొమ్మన్నాను. నా కళ్ళలో నీళ్ళు ఆ పిల్ల చూడకూడదని.

పరీక్షలో సరిగ్గా ‘మీ గ్రామమును వర్ణింపుము’ అనే వచ్చింది. గేటు దగ్గర నిలబడ్డాను. బయటికి వచ్చిన పిల్లల్లో కొందరు నన్ను చూసి తలలు దించుకున్నారు. అక్కల దగ్గర పాత నోట్సు తెచ్చుకుని రహస్యంగా బట్టీ పట్టారని అప్పుడు అర్థమైంది. దివిసీమ పిల్ల అందరికన్నా చివర వచ్చింది.

"ఏం రాశావే?"

"మా ఊరేనండీ. టైం చాల్లేదండీ. మా అమ్మని ఇంటికి చేర్చకుండానే గంట కొట్టేశారండీ."

వేసవి సెలవుల్లో, ఫలితాల రోజున మా ఊరి నుంచి గుడివాడ దాకా వచ్చి పేపరు కొన్నాను. బస్టాండులో నిలబడి నంబర్లు వెతికాను. ఆ పిల్ల నంబరు ఉంది. తర్వాత మార్కులు చూస్తే, గట్టెక్కడానికి కావాల్సినదాని మీద నాలుగు ఎక్కువ. బట్టీ పట్టినవాళ్ళకి ఇంకా మంచి మార్కులే వచ్చాయి. ఈ సంగతి దాచను. హెడ్‌మిస్ట్రెస్‌గారు నన్ను తీసెయ్యలేదు, పొగడనూ లేదు. ఆ పిల్ల ట్రైనింగుకి వెళ్తూ తన నోటుపుస్తకం నాకు ఇచ్చి వెళ్ళింది.

నాలుగైదేళ్ళ తర్వాత ఆ పిల్లే ఉత్తరం రాసింది. పామిడిముక్కల అవతల ఒక పల్లెలో మిషన్ ఎలిమెంటరీ బడిలో పని చేస్తున్నాను, ఒకసారి వచ్చి నా క్లాసు చూడండి అని. బస్సు దిగి పొలాల మధ్య కాలవ గట్టున నడిచి వెళ్ళాను. ఎటు చూసినా వరి. బడి ఇంకా కనపడకముందే పిల్లల గొంతులు వినపడ్డాయి. అందరూ కలిసి రాగం తీస్తున్నారు.

"మా ఊరికి దక్షిణాన సముద్రం ఉంది! మా అమ్మ ఇసకలో చెలమ తవ్వును! పోటు వచ్చినప్పుడు నీళ్ళు ఉప్పగా మారును!"

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఒళ్ళు మండింది. తర్వాత ఆ రెండూ పోయాయి. ఎందుకంటే ఆ నోటుపుస్తకం నేనూ ఊరికే దాచుకోలేదు. మంచి వ్యాసం ఇలా ఉండాలని ప్రతి ఏడూ క్లాసులో చదివి వినిపించేదాన్ని. పెడన పిల్ల ఒకతె తన వ్యాసంలో మగ్గం పక్కన పీతలు పట్టింది. నేను చూసీ చూడనట్టు మార్కులు వేశాను.

ఆ పిల్ల, కాదు, ఆ టీచరు, నన్ను చూసి మొహం వెలిగిపోతుండగా ఎదురొచ్చింది. "చూశారా టీచర్‌గారూ, ఒక్కళ్ళు కూడా తప్పు పోలేదండీ." ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లని, "సముద్రం ఇక్కణ్ణించి ఎంత దూరమమ్మా?" అని అడిగాను.

"తెలీదండీ. మేం చూళ్ళేదండీ."

"మరి అది మీ ఊరేనా?"

పిల్ల తన టీచరు వైపు చూసింది. టీచరు నా వైపు చూసింది. ఆ ప్రశ్న ఎవరిదో ఆమెకి గుర్తొచ్చింది. మొహం ఎర్రబడింది. ఒక్క క్షణం తల వంచుకుని, తర్వాత చీర కొంగు నడుముకి చుట్టుకుంది.

"పలకలు తుడవండర్రా" అంది. "అంతా తుడిచెయ్యండి. పొద్దున లేచాక మీ ఇంట్లో ఎవరెవరు ఏమేం పని చేశారో రాయండి. నన్ను అడగొద్దు, పక్కవాళ్ళని చూడొద్దు."

ముప్పై పలకల మీద తడిగుడ్డలు ఆడాయి. కొందరు గుడ్డ లేక అరచేత్తో తుడిచారు. ఆమె ఒక ఖాళీ పలక, బలపం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మీరూ రాయండి టీచర్‌గారూ. ఆ రోజు నేనడిగితే మీరు చెప్పలేదండీ."

పిల్లల మధ్య చాప మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళు వ్యాకరణం చెప్పినదాన్ని, మొదటి మాట దగ్గరే బలపం ఆగిపోయింది. పక్కనున్న పిల్ల అప్పటికే రెండు వరుసలు రాసేసింది. నేనూ మొదలుపెట్టాను. ‘మా నాన్న పాలేరు. మా పాక మురుగుకాలవ గట్టు మీద ఉండేది.’ ఆ పైన ఆగలేదు. పలక నిండిపోతే వెనక్కి తిప్పి రాశాను.