అత్తయ్యా, నేనూ, కొండమీది గుర్రాలూ

ఎనభైల మొదట్లో మేం వర్జీనియాలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయన అక్కడ డాక్టరు. ఆ సమ్మర్‌లో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. దగ్గర్లో ఒక కొండమీద పార్కు ఉందని, అక్కడ పొట్టి అడవి గుర్రాలు తిరుగుతాయని ఎవరో చెబితే, చూడాలన్నారు.

పార్కింగ్ లాట్‌లో దిగగానే మా ఆయనా, వెంట వచ్చిన ఆయన స్నేహితుడూ కెమెరాలు తగిలించుకున్నారు.

"అమ్మా, పైకంతా రాళ్లదారి. నువ్వు కార్లో కూర్చో. తను తోడుంటుంది," అన్నారు మా ఆయన.

నన్నెవరూ అడగలేదు.

"గుర్రాలు కార్లోకి వస్తాయట్రా?" అన్నారు అత్తయ్య.

"ఫొటోలు తీసి చూపిస్తాం కదండీ!" అని నవ్వాడు స్నేహితుడు.

వాళ్లు మలుపు తిరిగాక అత్తయ్య నావైపు చూశారు. "ఏమే, నడవగలవా?"

"నేను నడుస్తాను. మీరో?"

"నేనడిగింది నిన్ను."

అత్తయ్య డిక్కీలోంచి మా ఆయన పాత బూట్లు తీసి తొడుక్కుని, కుచ్చిళ్లు పైకి దోపి, నాకంటే ముందే కదిలారు. దారిలో కూర్చుంటూ, లేస్తూ ఎక్కాం. పైనుంచి దిగుతున్న ఒక తెల్లజంట ఆగి, చిన్నపిల్లల్ని అడిగినట్టు, "దారి తప్పారా?" అన్నారు.

"లేదు. మీరెక్కణ్ణించి వస్తున్నారో అక్కడికే," అన్నాను ఇంగ్లీషులో.

సంగతి చెబితే అత్తయ్య, "కొండేమన్నా వాళ్ల సొంతమా?" అన్నారు.

పైన చెట్లు లేవు. గడ్డి, గాలి. మగవాళ్లిద్దరూ బండమీద కూలబడి ఉన్నారు. మా ఆయన ముఖం ఎర్రబడింది. "ఎందుకొచ్చారు? గుర్రాల్లేవు, ఏం లేవు. పదండి కిందికి."

అత్తయ్య వినిపించుకోలేదు. పొదలు దాటి నడిచారు. వెనకే నేను. పొదల అవతల మేస్తున్నాయి! జూలు కళ్లమీద పడుతున్న గోధుమరంగు గుర్రం ఒకటి వచ్చి, ఆవిడ కొంగు నోట్లోకి లాక్కుంది.

"ముట్టుకోకూడదమ్మా, రూలు!" మా ఆయన అరుపు.

"నేను ముట్టుకోలేదురా. అదే నన్ను ముట్టుకుంది."

తిరుగు దారిలో కార్లో ఆయన, "పడితే ఏమయ్యేది?" అన్నారు.

"లేచేవాళ్లం. ఇంకెప్పుడూ నన్నడక్కుండా కార్లో కూర్చోబెట్టకండి," అన్నాను. పెళ్లయ్యాక ఆయనకి అలా ఎదురు చెప్పడం అదే మొదలు. వెనక సీట్లోంచి అత్తయ్య, "బాగా అన్నావు," అన్నారు.

మర్నాటికి ఆవిడ మోకాళ్లు వాచాయి. నూనె రాస్తూ, "నొప్పిగా ఉందా?" అనడిగాను.

"ఉంది. ఉంటే ఏం?" అన్నారు.