ముందు వరసలో మచ్చబండ

బేతంచెర్లలోని మా పాలిష్ ఫ్యాక్టరీకి చైనా దాకా దారి చూపింది ఒక పనికిరాని బండ. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. నవ్వనీ, నాకేం. ఆ రోజు ఏడ్చినంత పని చేశాను కాబట్టి ఇప్పుడు గొప్పలు చెప్పుకునే హక్కు నాకుంది.

టైల్స్ వచ్చి నాపరాయిని మూలకు తోసిన కాలం అది. మా మామ పెట్టిన ఫ్యాక్టరీలో రెండు మిషన్లు నడుస్తుంటే రెండు దుమ్ము పట్టి కూర్చున్నాయి. మామ పోయాక ఆఫీసు కోడలినైన నా చేతికొచ్చింది. ఎండాకాలంలోపు పెద్ద ఆర్డరేదీ రాకపోతే మూసేయడమేనని నాకు తెలుసు, పనిచేసేవాళ్లకూ తెలుసు.

అప్పుడు ఒక జర్మనీ కంపెనీ మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చింది. చైనాలో హోటళ్లకూ ఇళ్లకూ మన రాయి అమ్మాలని వాళ్ల ఆలోచన. అయితే ఆ ఊళ్లలో పరాయివాడు ఒంటరిగా దుకాణం తెరిస్తే సాగదని, అక్కడి రాళ్ల వ్యాపారి ఒకాయనను భాగస్వామిగా చేసుకున్నారు. పెట్టుబడీ పేరూ జర్మనీవాళ్లవి, గోదాములూ గిరాకీలూ ఆయనవి. రాయి ఎవరి దగ్గర కొనాలో చెప్పే చివరి మాట కూడా ఆయనదే. ముందుగా ఒక శాంపిల్ పెట్టె పంపమన్నారు.

నేనే దగ్గరుండి బండలు ఏరాను. వాటిని పెట్టెలో నిలబెట్టి సర్దే పని మాత్రం, ముప్పై ఏళ్లుగా మా లోడు సర్దుతున్న, పనివాళ్లంతా అక్కా అని పిలిచే పెద్దామెకు వదిలేశాను. అక్కడే పప్పులో కాలేశాను.

చైనాలో పెట్టె విప్పేరోజు వీడియో కాల్ పెట్టారు. పనివాళ్లంతా నా కుర్చీ వెనకే నిలబడ్డారు. ఫోనులో ఒక పక్క జర్మనీ మేనేజరు, ఇంకో పక్క చైనా పెద్దాయన, ఆయన మాటలు ఇంగ్లీషులో చెప్పే అమ్మాయి. పెట్టె చెక్కలు ఊడదీయగానే ఎదురుగా కనిపించిన మొదటి బండకు మూల విరిగింది, నడుమ తుప్పురంగు మచ్చ. నాకు ఏడుపొక్కటే తక్కువ. మేనేజరు ముఖం గంటు పెట్టుకుని, మంచివి పంపమంటే ఇదా మీ నాణ్యత అని అడిగాడు.

ఫోను చేత్తో మూసి అక్క మీద విరుచుకుపడ్డాను. నేను ఏరని బండ పెట్టెలోకి ఎట్లా వచ్చిందన్నాను. ఆమె ఏమాత్రం బెదరలేదు.

"మీ మామ చెప్పిందే చేసినానమ్మా. చెడ్డబండ ముందర పెట్టాల. కొనేవాడు మొదట దాన్నే చూడాల."

నిజమే. ఎప్పుడో బద్వేలు వ్యాపారి ఒకాయన లోడు నడుమ విరిగిన బండలు చూసి, నలుగురిలో మామను దొంగ అన్నాడట. ఆనాటి నుంచి మా లారీల్లో అన్నిటికన్నా నాసిబండ ముందుకొచ్చింది. అంతకన్నా చెడ్డది లోపల లేదని దానర్థం. కోడలిగా వచ్చినప్పటి నుంచి చూస్తున్న పద్ధతే అయినా, ఈ పెట్టెకు వద్దని చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు.

దాచి లాభం లేదని, వచ్చీరాని ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆ అమ్మాయి పెద్దాయనకు వినిపించింది. ఆయన మచ్చబండను పక్కకు తీయించి, మిగతావాటిని లోపల పగులుందేమోనని ఒక్కొక్కటే వేలి కణుపుతో కొట్టి చెవి పెట్టి విన్నాడు. మా మామ కూడా అచ్చం అట్లాగే వినేవాడు. చివరి బండ అయ్యేదాకా మేము ఫోను మీదికి వంగి చూశాం.

అప్పుడు ఆయన అన్నది ఆ అమ్మాయి మాకు చెప్పింది. "అందరూ మంచి రాయి ముందు పెట్టి నన్ను మోసం చేశారు. చెడ్డది ముందు పెట్టింది వీళ్లొక్కరే. వీళ్ల దగ్గరే కొందాం."

 నేను సిగ్గు విడిచి కుర్చీలోంచి గంతేశాను. మా వాళ్ల కేకలకు పక్క ఫ్యాక్టరీవాళ్లు గోడ మీది నుంచి తొంగి చూశారు. మామ ఉండుంటే మీసం దువ్వేవాడు.

ఇప్పుడు నాలుగు మిషన్లూ తిరుగుతున్నాయి. ప్రతి పెట్టెలోనూ చెడ్డబండ ముందుండాలన్నది ఆ పెద్దాయన షరతు. మొదటి కంటైనరు నింపేరోజు కుప్పలో వెతికి, అంచు విరిగిన బండనొకటి నేనే మోసుకొచ్చి అక్క ముందు దించాను. ఆ రోజు తప్పు నాదేనక్కా అన్నాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది శానా బాగుండాదమ్మా. ఇంగా చెడ్డది యాడన్నా ఉంటే చూడుపో."

మళ్లీ కుప్ప దగ్గరికి వెళ్లి వెతికి తెచ్చాను.